నొక్కినా పోని చుక్కలు

తెల్లవారుజామున ఐదుంబావు. హనుమకొండలో మా సందుకి ఇంకా చీకటి విడలేదు. ఎదురింటి వాకిట్లో చీపురు చప్పుడు మొదలైంది. నేను బాత్రూంలో లైటు వేసుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, నైటీ మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు చూసుకుంటున్నాను. ఏడేళ్ళుగా నా రోజు ఇట్లాగే మొదలవుతుంది. దేవుడి పటం కన్నా ముందు నా చీలమండలు చూసుకుంటాను.

ఎడమకాలు శుభ్రంగా ఉంది. కుడికాలికి, చెప్పు పట్టీ ఒరుసుకునే చోటుకి కాస్త పైన, చుక్కలు. ఒక్కోటి ఆవగింజలో సగం కూడా ఉండదు. ఎండిన కుంకుమ రంగు. లెక్కపెడతాను. పదకొండు. నిన్న ఒక్కటీ లేదు.

అద్దం పక్కన గూట్లో ఒక గాజుగ్లాసు ఉంటుంది. మా ఇంట్లో దాంతో ఎవరూ నీళ్ళు తాగరు. దాని అంచుని చుక్కల మీద ఒత్తి, గాజులోంచి చూస్తాను. చుట్టూ చర్మం తెల్లగా పాలిపోతుంది. దోమకాటైతే ఆ ఎరుపు కూడా దాంతోపాటే చెదిరిపోవాలి. అక్కడి రక్తం ఇంకా నాళంలోనే ఉంటుంది కాబట్టి ఒత్తితే పక్కకి జరుగుతుంది. ఇవి చెదరడం లేదు. తెల్లబడిన చర్మం మీద పదకొండూ అట్లాగే నిలబడి ఉన్నాయి. నాళం దాటి బయటికొచ్చి, చర్మం కింద ఆగిపోయిన నెత్తురది. నిలబడి నడిచే మనిషికి రక్తం ఒత్తిడి కాళ్ళలోనే ఎక్కువ, అందుకే ముందు అక్కడే తేలతాయి.

ఫోన్ టార్చి వేసుకుని నోరు తెరిచి అద్దంలో చూసుకుంటాను. బుగ్గల లోపల, నాలుక కింద నల్లద్రాక్ష పిందెల్లాంటి నెత్తుటి బొబ్బలు ఉన్నాయా అని. లేవు. చిగుళ్ళు మామూలుగానే ఉన్నాయి. మూత్రం రంగు మామూలే. అప్పుడు లేచి ముఖం కడుక్కుంటాను. ఒంటిమీద చుక్కలు, కమిలిన మచ్చలు పొడి రక్తస్రావమట. నోట్లో, ముక్కులో, మూత్రంలో, విరేచనంలో కనిపించేది తడి రక్తస్రావం. "పొడిదాన్ని కనిపెట్టుకుని ఉండమ్మా, తడిది కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి" అని మా డాక్టరుగారు మొదటి రోజుల్లోనే చెప్పారు. నేను బతుకుతున్నది ఆ ఒక్క మాట పట్టుకునే.

నా జబ్బు పేరు ఐటీపీ, ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. గాయమైన చోట రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లు ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఎముక మూలుగలో పుట్టి వారం పది రోజులు బతుకుతాయి. నా ఒంట్లోనూ పుడతాయి. కానీ రోగాల మీద పోరాడాల్సిన నా రోగనిరోధక శక్తి వాటిని పరాయివనుకుని ముద్ర వేస్తుంది. ముద్ర పడ్డవాటిని ప్లీహం మింగేస్తుంది. లక్ష కన్నా తగ్గి, వేరే కారణమేదీ దొరకకపోతే ఈ పేరు పెడతారు.

ఇవాళ పెత్రమాస. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. నేను పాఠాలు చెప్పే బడికి దసరా సెలవులు. నా నెలవారీ రక్తపరీక్ష కూడా ఇవాళే పడింది. సీబీపీకి, అంటే కంప్లీట్ బ్లడ్ పిక్చర్‌కి, పరగడుపుతో వెళ్ళనక్కర్లేదు. చాయ్ తాగి బయల్దేరతాను.

ల్యాబులో కుర్రాడికి నేను బాగా తెలుసు. రబ్బరు పట్టీ బిగించేటప్పుడే "ఎక్కువసేపు ఉంచనక్కా" అంటాడు. ఒకప్పుడు ఇట్లాంటి పట్టీ కిందే, బీపీ చూసే గుడ్డ కిందే, గాజు తొడిగినట్టు చుట్టూతా చుక్కలు లేచాయి నాకు. సూది సన్నగా దిగుతుంది. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి రెండు మిల్లీలీటర్లు. సూది తీసి దూది పెడతాడు. "చెయ్యి ముడవకు అక్కా, రుద్దకు. పది నిమిషాలు ఒత్తి పట్టుకో."

చెయ్యి చాపి, బొటనవేలితో దూదిని ఒత్తి, గోడ గడియారం కింద కుర్చీలో కూర్చుంటాను. నా పక్కన చెయ్యి ముడుచుకున్న ముసలాయన రెండు నిమిషాల్లో లేచి వెళ్ళిపోతాడు. నేను ముల్లు చూస్తూ ఉంటాను.

ఏడేళ్ళ కింద, వానాకాలం. అప్పటికి మూడు నెలలుగా బహిష్టు వారం పది రోజులు సాగుతోంది. వయసు మీద పడుతోంది, గర్భసంచి సంగతేమో అనుకుని ఊరుకున్నాను. పళ్ళు తోముకుంటే నెత్తురు. బ్రష్ మార్చాను. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో ఒకాయన దగ్గరికి వెళ్తే తుంటికి నొప్పి సూది వేశాడు. మర్నాటికి తుంటి నుంచి మోకాలి దాకా కాలిన వంకాయలా నల్లబడింది. కూర్చోలేను, పడుకోలేను. పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ప్లేట్‌లెట్లు ఆరువేలు అన్నారు.

వానాకాలంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మన దగ్గర ఎవరికైనా వచ్చే మాట ఒక్కటే, డెంగీ. పరీక్షలో లేదని వచ్చింది. మళ్ళీ చేశారు. మళ్ళీ లేదు. అయినా మా ఇంటికి బొప్పాయి ఆకు రసం సీసాలు వస్తూనే ఉన్నాయి. కివి పండ్లు, డ్రాగన్ పండ్లు వచ్చాయి. బంధువులు క్యూ కట్టి రక్తం ఇచ్చి, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. సాయంత్రానికి పెరిగాయి. తెల్లారేసరికి మళ్ళీ పడిపోయాయి. ఎవరివి ఎక్కించినా నా ఒళ్ళు వాటినీ వదలదని అప్పుడు ఆ వార్డులో ఎవరూ చెప్పలేదు. ప్రాణం మీదికొచ్చే రక్తస్రావమప్పుడు తప్ప ఐటీపీలో ప్లేట్‌లెట్లు ఎక్కించి లాభం తక్కువ. డెంగీలో జ్వరం తగ్గిన కొద్దిరోజులకి అవే పైకి లేస్తాయి. పిల్లలకి వైరస్ జ్వరం తర్వాత వచ్చే ఐటీపీ కూడా చాలావరకు కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. పెద్దవాళ్ళలో మాత్రం చాలామందికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే మా ఇంట్లో ఆ వారం అంత ఏడుపు ఉండేది కాదు.

చివరికి హైదరాబాదులో రక్తవ్యాధుల డాక్టరు దగ్గరికి చేరాం. ఆయన ముందు నా రక్తపు చుక్కని స్లైడు మీద తానే చూశారు. గొట్టంలో ఉండే మందువల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుపోతాయట. మిషన్ వాటిని లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. నావి అట్లా కాదు, నిజంగానే లేవు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, థైరాయిడ్ పరీక్షలు అయ్యాక స్టెరాయిడ్ మొదలైంది. రోజుకి అరవై మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్. పదిరోజుల్లో ఆరువేలు లక్షా పదివేలైంది. ఆ రిపోర్టు చూసి మా అమ్మ గుట్ట నర్సింహస్వామికి నా తలనీలాలు మొక్కుకుంది.

స్టెరాయిడ్ మాత్రం ఊరికే ఇవ్వలేదు. ముఖం పున్నమి చంద్రుడైంది. రాత్రి రెండింటికి లేచి అన్నం కలుపుకుని తినేదాన్ని. నిద్ర లేదు, షుగర్ వచ్చింది, పిల్లలు నోరు తెరిస్తే అరిచేదాన్ని. మెల్లగా మోతాదు తగ్గిస్తూ వస్తే ప్లేట్‌లెట్లు కూడా వెంబడే దిగాయి. ఆ తర్వాత మూలుగని తట్టి ఎక్కువ ప్లేట్‌లెట్లు చేయించే ఎల్ట్రాంబోపాగ్ మాత్ర వేసుకోమన్నారు. ప్లీహం తీసేసే ఆపరేషను గురించీ చెప్పారు. 1916లో ప్రాగ్‌లో పాల్ కాజ్నెల్‌సన్ అనే వైద్య విద్యార్థి సూచన మీద మొదలైన వైద్యమట. ఇప్పటికీ చాలామందికి పనిచేస్తుంది, కాని ముందుగా టీకాలు వేయించుకోవాలి, జీవితాంతం ఇన్ఫెక్షన్లకి జాగ్రత్తపడాలి. ప్రస్తుతానికి మాత్ర చాలన్నారు.

పది నిమిషాలు. దూది తీసి చూస్తాను. ఆగింది. ప్లాస్టర్ వేయించుకుని బయటికొస్తాను.

ఇంటికొచ్చేసరికి వరండా అంతా పువ్వులే. తంగేడు, గునుగు, బంతి, కట్ల. మా ఆయన తెల్లవారే వెళ్ళి తెచ్చారు. అత్తమ్మ తాంబాలం ముందు కూర్చుని ఉంది, ఆమె పక్కన మా పాప. గునుగు కాడలు కత్తిరించే పని నాదే. కత్తిపీట మా ఇంట్లో అటకెక్కి ఏడేళ్ళయింది. మొన మొద్దుగా ఉన్న కత్తెరతో కాడలన్నీ ఒక్క పొడుగుకి తెంపి కట్టలు కడుతున్నాను.

పక్కింటి వదినె వచ్చి గడపలో కూర్చుంది. నా ముఖం చూసింది. "ఏం తిన్నవనే నీకిట్ల వచ్చింది?"

ఏడేళ్ళుగా ఈ ప్రశ్న నేను కూడా వేసుకున్నాను. బాలింతగా పథ్యం చేయలేదనా, బడికి తినకుండా పోయాననా, ఏ పాపమా. పాతరోజుల్లో దీని పేరులో మొదటి మాట ఇడియోపతిక్, అంటే కారణం తెలియనిదని. నన్ను ఆ దిగులులోంచి బయటపడేసింది ఒక డాక్టరు కథ. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు, ఈ జబ్బున్న మనిషి రక్తం అర లీటరు తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. మూడు గంటలు తిరిగేసరికి ఆయన ప్లేట్‌లెట్లు పదివేల కిందికి పడిపోయాయి. ఒళ్ళంతా నావంటి చుక్కలే. వారం లోపల మళ్ళీ మామూలయ్యాడు. ప్లేట్‌లెట్లని చంపేదేదో రోగి రక్తంలోనే తిరుగుతోందని ఆయన తన ఒంటితోనే రుజువు చేశాడు. 1951లో ఆ సంగతి అచ్చయింది. ఇప్పుడు పేరులో ఆ మొదటి మాట తీసేసి ఇమ్యూన్ అని పెట్టారు. నేను తిన్నదీ తిననిదీ కాదు, నా తప్పు అసలే కాదు. వదినెకి ఇంత కథ చెప్పలేదు. "తిండితోని రాలేదు వదినె, ఒకరి నుంచి ఒకరికి అంటేది కూడా కాదు" అన్నాను.

అనేలోపే పై పెదవి మీద వెచ్చగా తగిలింది. తెల్లటి గునుగు కట్ట మీద చుక్క పడింది. ఇంకొకటి.

"అయ్యో బిడ్డా!" అత్తమ్మ లేచి నా తల వెనక్కి వంచబోయింది. నెత్తిన చల్లనీళ్ళు పోస్తానంది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. తల వెనక్కి వంచితే నెత్తురు గొంతులోకి దిగుతుంది, ఎంత పోయిందో తెలియదు, కడుపులోకి పోయి వాంతి వస్తుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని కాస్త ముందుకి వంగాను. ముక్కుదూలం కాదు, దానికింద మెత్తగా ఉండే భాగం, రెండు వైపులా కలిపి గట్టిగా పట్టుకున్నాను. నోటితో ఊపిరి. పాప ఫోన్‌లో పది నిమిషాలకి టైమర్ పెట్టి నా ముందు గిన్నె పట్టుకుని నిలబడింది. పదేళ్ళ పిల్ల. ఏడవలేదు. మధ్యలో వదిలి చూడకూడదని దానికి తెలుసు.

రెండు నిమిషాలు. గిన్నెలో టప్ టప్ చప్పుడు. నాలుగు. చప్పుడు ఆగింది, కానీ నోట్లో ఇనుము రుచి. ఆరు. నా చెవుల్లో నా గుండె. ఫ్రిజ్ తలుపు మీద పాప రాసి అంటించిన కాగితం ఇక్కడికి కనిపిస్తుంది. ఎర్ర పెన్నుతో: అంతకు ముందెప్పుడూ రానంత తలనొప్పి, మాట తడబడడం, తలకి దెబ్బ, నల్లటి విరేచనం, మూత్రంలో నెత్తురు, అరగంటైనా ఆగని ముక్కు. వీటిలో ఏదొచ్చినా 108. దాని కింద డాక్టరుగారి నంబరు, నా బ్లడ్ గ్రూపు. ఇంకా కింద: తుంటికి సూది వద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. పారాసిటమాల్ వేయొచ్చు. ఇదే కాగితం మడిచి నా పర్సులోనూ ఉంటుంది.

టైమర్ మోగింది. మెల్లగా వదిలాను. ఒక్క చుక్క జారింది. మళ్ళీ పది. ఈసారి వదిలితే ఏమీ రాలేదు. గిన్నెలో చూస్తే చెంచాడు కూడా లేదు.

అప్పుడే ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. ఇరవై ఏడు వేలు. పోయిన నెల యాభై ఎనిమిది. కింద ఒక వరుస రాశారు, స్లైడు కూడా చూశాం, గుంపులు లేవని.

మా ఆయన నాకన్నా ముందు అంకె చూసి కుర్చీలో కూలబడ్డారు. ఇరవై ఏడు వేలతో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన రోజులు నాకున్నాయి. నలభై వేలతో చిగుళ్ళ నెత్తురు చూసిన రోజూ ఉంది. అంకె ఒక్కటే చూసుకుంటే ఈ ఏడేళ్ళలో నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. పెద్దవాళ్ళలో రక్తస్రావం లేకుండా ముప్పైవేలు దాటి ఉంటే చాలాసార్లు మందే ఇవ్వకుండా చూస్తూ ఊరుకుంటారని డాక్టరుగారు మొదట్లో చెప్పినప్పుడు నమ్మలేకపోయాను. వైద్యం లక్షన్నరకి చేర్చడానికి కాదట, నెత్తురు కారకుండా బతకడానికట. కానీ ఇవాళ రెండూ కలిశాయి. పడింది, కారింది. ఫోన్ చేశాను.

"కొత్తగా ఏమైనా మందులు మొదలుపెట్టారా అమ్మా?"

లేదన్నాను. జలుబు, జ్వరం కూడా లేదన్నాను.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?"

అది చెప్పడానికి నాకు గర్వం. ఆ మాత్ర క్యాల్షియంతో కలిస్తే పట్టుబడిపోతుంది, పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. పాలు, పెరుగు, రాగిజావ తిన్నాక నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి, వేసుకున్నాక రెండు గంటలు వాటిని ముట్టకూడదు. పెరుగన్నం లేకుండా ముద్ద దిగని ఇంట్లో పుట్టినదాన్ని. అందుకే ఏడు కొట్టకముందే పెరుగన్నంతో భోజనం ముగిస్తాను, పదకొండింటికి అలారం పెట్టుకుని మాత్ర వేసుకుంటాను. పొద్దున చాయ్‌కి అడ్డం రాదు. అదే చెప్పాను.

"మోకాలి నొప్పి ఉందన్నారు పోయినసారి. చూపించుకున్నారా?"

చూపించుకున్నాను. నా ప్లేట్‌లెట్ల సంగతి చెప్తే ఆ డాక్టరు నొప్పి మాత్రలు రాయకుండా ఒట్టి పారాసిటమాల్ ఇచ్చాడు. ఆయన జాగ్రత్తకి సంతోషించి బయటికొచ్చాను. ఇంకొకటి కూడా రాశాడు, ఎముకల బలానికి, పడుకునే ముందు ఒకటి. నేను లేచి మందుల డబ్బా తెరిచాను. పింక్ రంగు అట్ట. క్యాల్షియం. మూడు వారాలుగా రాత్రి పదిన్నరకి అది, పదకొండింటికి ఇది. పాలూ పెరుగూ నాలుగు గంటలు దూరం పెట్టి, అరగంట ముందు అచ్చమైన క్యాల్షియం మింగుతున్నాను. ముప్పయ్యేళ్ళు సైన్స్ చెప్పిన టీచర్ని. విటమిన్లు, క్యాల్షియం మందుల కింద లెక్కే కాదనుకున్నాను.

డాక్టరుగారు కోప్పడలేదు. క్యాల్షియం మధ్యాహ్నం అన్నంతో వేసుకోమన్నారు. నాలుగో రోజు మళ్ళీ సీబీపీ. అప్పటికీ పెరిగే దారిలో లేకపోతే కొద్దిరోజులు స్టెరాయిడ్. ముక్కు మళ్ళీ కారితే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు వాడమన్నారు. అవి నాకు పాత చుట్టాలు. బహిష్టు రోజుల్లో నన్ను నిలబెట్టింది అవే. 1962లో జపాన్‌లో ఉటాకో ఒకామోటో, ఆమె భర్త కలిసి కనిపెట్టిన మందు. ప్లేట్‌లెట్లని పెంచదు, కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా చూస్తుంది. నెలనెలా మంచానపడే ఆడవాళ్ళకి అదెంత మేలో నాకు తెలుసు.

"ఇవాళ బతుకమ్మ కదా, పోవచ్చా?" అనడిగాను. అడగడానికి సిగ్గేసింది కూడా.

"పోండి. గుంపులో తోసుకోవద్దు, కోలాటం వద్దు. తలకి దెబ్బ తగలకుండా చూసుకోండి."

సాయంత్రం. వేయిస్తంభాల గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. నేను గోడ పక్కన, కోలాటం కర్రలకి అందనంత దూరంలో నిలబడ్డాను. పాదాలకి మెత్తటి బూట్లు, పట్టుచీర కింద. అత్తమ్మ నా ముందు నిలబడింది, ఎవరూ తగలకుండా. మొక్కు సంగతి అడుగుతోంది. గుట్టకి మూడేళ్ళ కిందే వెళ్ళొచ్చాం. కత్తి పెట్టించకుండా మూడు కత్తెరలిచ్చి దండం పెట్టుకుని వచ్చాను. అమ్మ ఒప్పుకుంది, అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు. "అంకె లక్ష దాటినంక గుండు ఇయ్యాలె బిడ్డా" అంటుంది. సరే అత్తమ్మా అన్నాను.

పాప తాంబాలం దించి వలయంలోకి వెళ్ళింది. చప్పట్ల మధ్య నా వైపు తిరిగి ముక్కు మీద వేలు పెట్టి చూపించింది, బాగుందా అని. బాగుందని తలూపాను. ఇవాళ్టి గునుగు వరుసలో ఒక కట్ట మీద నా నెత్తురు చుక్క పడింది. అత్తమ్మ అది తీసేసి కొత్తది పేర్చింది. ఎంగిలి చేయని పువ్వులు కావాలట.

రాత్రి పదకొండు. అలారం మోగింది. పింక్ అట్ట వంటింట్లోకి, మధ్యాహ్నం తినే ఊరగాయ జాడీ పక్కకి మారింది. మాత్ర ఒక్కటే నీళ్ళతో మింగి, బాత్రూంలో లైటు వేసి మరోసారి చూసుకున్నాను. పదకొండు చుక్కలూ ఉన్నాయి. పన్నెండోది లేదు.

ఇది చదువుతున్నవారికి ఒక విన్నపం. మీ ఇంట్లో ఎవరి కాళ్ళ మీదైనా చెమటకాయలనుకున్న చుక్కలుంటే ఒక గాజుగ్లాసు ఒత్తి చూడండి. చెదరకపోతే ఆ పూటే సీబీపీ చేయించండి. డాక్టరు చూసేదాకా తుంటికి సూది వేయించకండి.